ఏం జరిగిందని ఎవరడిగారు?

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ఎదుట సాష్టాంగపడ్డారు. లేచి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. మీకు చదువు రావడం లేదు, మేం కొట్టలేం, తిట్టలేం, చేతులు కట్టేసినట్టుంది, ఇక మమ్మల్ని మేమే శిక్షించుకుంటాం అన్నది ఆయన ఆవేదన. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. విద్యాశాఖ మంత్రి మెచ్చుకున్నారు. కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. మరికొందరు బెత్తం తిరిగి రావాల్సిందేనన్నారు.

ఆ మాస్టారి బాధలో కల్ల లేదు. పిల్లలు ఏమైపోతే నాకేం అనుకునేవాడు అందరి ముందూ నేలమీద పడుకోడు. అయినా ఆ వీడియో చూసినప్పుడల్లా నా చూపు ఆయన మీద నిలవడం లేదు, ఎదురుగా ఉన్న పిల్లల మీదికి పోతోంది. గుంజీలు ఎవరు తీసినా అక్కడ తప్పుకు జవాబు గుంజీలే. పైగా తమవల్ల సారు గుంజీలు తీశారన్న బరువు ఇప్పుడు పిల్లల నెత్తిన పడింది. నేను చూసిన ముక్కలో వినిపించినవన్నీ పెద్దాయన మాటలే. ఎందుకు చదవలేకపోతున్నారో పిల్లలు చెప్పే చోటు అందులో లేదు.

బెత్తం ఉండాలా పోవాలా అన్నది చట్టం ఎప్పుడో తేల్చేసింది. నేను చూడదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. బెత్తం పోయాక టీచరు చేతిలో ఇంకా ఏయే అధికారాలు మిగిలాయి? ఇంట్లోనో ఒంట్లోనో ఏదో ఒక కష్టంతో, దాన్ని చెప్పే మాట దొరక్క, అల్లరిగానో మొండితనంగానో మౌనంగానో బయటపెట్టే పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు ఆ అధికారం ముందు దక్కే న్యాయం ఏపాటిది?

ముందు బెత్తం కథ. వీధిబడుల కాలంలో కోదండం ఉండేది. దూలానికి కట్టిన తాడు పిల్లాడి చేతికిచ్చి వేలాడదీసేవాళ్లు. సర్కారు బళ్లు వచ్చాక కోదండం పోయి గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె మిగిలాయి. బడిలో చేర్పించేటప్పుడు తండ్రులు చెప్పే మాట మన పల్లెల్లో అందరికీ తెలిసిందే: "కళ్లు రెండూ ఉంచండి సారూ, మిగతాది మీ ఇష్టం." ఆ మాటలో నమ్మకమూ ఉంది, నిస్సహాయతా ఉంది. తనకు రాని చదువు కొడుక్కి వస్తే చాలు, ఒళ్లు చీరినా ఫరవాలేదనుకునే మనిషి మాట అది. బడుల ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరిగి ఇదంతా కళ్లారా చూసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. పిల్లలు పెద్దల సొత్తు కాదని ఆయన అన్నప్పుడు విన్నవాళ్లు తక్కువ.

చట్టం చాలా ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీ బడుల నిబంధనల్లో బెత్తానికి చోటిచ్చిన భాగాన్ని 2000 డిసెంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002 ఫిబ్రవరిలో జీవో 16 ఇచ్చి, విద్యా నిబంధనల్లో 122వ దాన్ని మార్చి, శారీరక దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ఒంటిమీది దెబ్బను ఒక్కదాన్నే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడినుంచి వెళ్లగొట్టకూడదంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ చట్టం దృష్టిలో బాలుడంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాడు. అంటే తొమ్మిదో తరగతిలోకి వచ్చి, గొంతు మారి, ఇంట్లో తండ్రికి ఎదురు చెప్పడం మొదలుపెట్టే సమయానికి ఆ రక్షణ అయిపోతుంది. అల్లరి వయసు ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే చట్టం చెయ్యి వదిలేస్తుంది. తర్వాత రాష్ట్రాల జీవోలున్నాయి, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల మీద క్రూరత్వానికి మూడేళ్ల దాకా జైలు అనే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. అయితే అవి కేసులయ్యాక పనికొచ్చేవి. తరగతి గదిలో రోజూ పనికొచ్చేవి కావు.

అంకెలు చూద్దాం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో జరిగింది. బడికెళ్లే ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2009-10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగింది. ఏ శిక్షా పడలేదన్నవాళ్లు తొమ్మిది మంది. ఆ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు మన శాంతా సిన్హా. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికెళ్లే పిల్లల్ని బడికి తెచ్చిన అనుభవం ఆమెది. ఆ సర్వేలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బెత్తం లెక్క కాదు. నీకు చదువు రాదు పొమ్మన్న మాట విన్నామని ప్రతి పది మందిలో ఎనిమిది మంది చెప్పారు. దానికి జీవోలో పేరు లేదు. ఒంటి మీద మచ్చ కూడా ఉండదు.

మన నేల మీద జరిగిన మరో అధ్యయనం యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ఈ పరిశీలన 2002 నుంచి కోస్తా, రాయలసీమ, తెలంగాణల్లో మూడు వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించింది. ఎనిమిదేళ్ల వాళ్లలో 78 శాతం మంది గడిచిన వారం రోజుల్లోనే టీచరు చేత దెబ్బ తిన్నామన్నారు. పదిహేనేళ్ల వాళ్లలో ఆ లెక్క 34 శాతం. ఈ తగ్గుదలను చూసి సంతోషించేవాళ్లున్నారు. నాకు మాత్రం అది సంతోషపడే అంకెగా కనబడదు. పదిహేనేళ్లు వచ్చేసరికి పిల్లాడు భుజం దాకా ఎదుగుతాడు, కొడితే తిరగబడతాడేమోనన్న జంకు వస్తుంది, ఆడపిల్లను తాకడానికి మాస్టారు వెనకాడతాడు. బాగా దెబ్బలు తిన్నవాళ్లలో కొందరు అప్పటికే బడి మానేసి ఉంటారు. మిగిలిన వాళ్ల మీద అధికారం తగ్గలేదు, చేతిలోంచి నోట్లోకీ కాగితంలోకీ మారింది.

ఆ కాగితాల్లో మొదటిది టీసీ. "టీసీ ఇచ్చి పంపిస్తా" అన్న మాట హైస్కూల్లో ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. ఎనిమిదో తరగతి దాటాక అది ఉత్త బెదిరింపు కాదు, నిజంగానే చేతిలో ఉన్న ఆయుధం. పదో తరగతి మధ్యలో టీసీ చేతికొస్తే ఆ పిల్లాడు వెళ్లే బడి ఉండదు. తర్వాత అంతర్గత మార్కులు, ప్రాక్టికల్ మార్కులు. పరీక్షల ముందు హాల్ టికెట్. కాండక్ట్ సర్టిఫికెట్‌లో రాసే ఒక్క ముక్క. పేరెంట్‌ను తీసుకొస్తేనే క్లాసులోకి రానిస్తానన్న షరతు కూడా అలాంటిదే. కూలి మానుకుని వచ్చిన తల్లిని వరండాలో గంటసేపు నిలబెట్టి, అందరూ వింటుండగా కొడుకు సంగతులు చెబితే ఆ రోజు రాత్రి ఆ ఇంట్లో ఏమవుతుందో బడికి తెలియదు. దెబ్బ పడేది అక్కడ. కొట్టమన్నది మాత్రం బడే.

మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం మరో పద్ధతి. ఏ సెక్షన్‌లో ఎవరుంటారో ప్యూన్‌కు కూడా తెలుసు. చివరి సెక్షన్‌కు చివరగా సిలబస్ అవుతుంది, మొదట సెలవు దొరుకుతుంది. అన్నిటికంటే తేలిగ్గా, ఖర్చు లేకుండా, సాక్ష్యం లేకుండా పడే శిక్ష ఇంకొకటుంది: పట్టించుకోకపోవడం. చెయ్యెత్తినా పేరు పిలవకపోవడం, కాపీ దిద్దకుండానే తిరిగివ్వడం. "వాడి సంగతి వదిలెయ్యండి, వాడంతే" అని స్టాఫ్ రూములో ఒక మాట పడితే కొత్తగా వచ్చిన టీచరు కూడా ఆ మాట వెంట నడుస్తారు.

నేను కొన్నేళ్లు ఒక హైస్కూల్లో తెలుగు చెప్పాను. అక్కడి ఆఫీసు గదిలో బీరువా పైన నీలి అట్టతో ఒక ఫైలు ఉండేది. తప్పు చేసిన పిల్లలచేత రాయించిన క్షమాపణ పత్రాలు అందులో పెట్టేవాళ్లు. ఒక మధ్యాహ్నం వేరే కాగితం కోసం వెతుకుతూ అది తెరిచాను. తొమ్మిదో తరగతి పిల్లాడొకడివి ఒకే ఏడాదిలో పదకొండు పత్రాలు. అన్నిట్లోనూ ఒకే వాక్యం: నేను క్లాసులో క్రమశిక్షణ తప్పి ప్రవర్తించాను, ఇకమీదట ఇలా చేయను, చేస్తే పాఠశాల తీసుకునే చర్యకు బద్ధుడిని. తారీకు మాత్రం మారుతోంది. జూలైలో రాసిన మొదటి దానిలో అక్షరాలు గుండ్రంగా, తలకట్లు పొందిగ్గా ఉన్నాయి. ఫిబ్రవరికి వచ్చేసరికి గీతల కాగితం మీద కూడా వాక్యం కిందికి జారిపోయింది, ‘బద్ధుడిని’లో ఒత్తు ఎగిరిపోయింది. ఏ తప్పు, ఎప్పుడు, ఎవరితో, ఎందుకు అన్నవి పదకొండింటిలో ఒక్కదానిలోనూ లేవు.

ఆ పిల్లాణ్ని పిలిచి అడిగాను. "ఇన్నిసార్లు ఏం చేశావురా?"

"గుర్తులేదు సార్."

"రాయించేటప్పుడు ఏం జరిగిందని అడిగారా?"

"ఏం అడుగుతారు సార్? రాయమంటారు, రాస్తా."

ఆ పత్రాల్లో మూడింటి కింద సాక్షిగా నా సంతకం ఉంది. ఒక్కసారి కూడా చదవకుండా చేశాను.

బడిలో అన్యాయం అనగానే మనకు గుర్తొచ్చేది శిక్ష ఎంత గట్టిగా పడిందన్నదే. నాకు ఆ ఫైలు దగ్గర తట్టింది వేరు. తరగతి గదిలో ఫిర్యాది టీచరే, సాక్షీ టీచరే. తీర్పు చెప్పేది టీచరే, అమలు చేసేదీ టీచరే. ఊరి రచ్చబండ మీద కూడా ఇలాంటి తగువును ఒప్పుకోరు. శిక్ష చిన్నదైనా ఆ నాలుగు కుర్చీల్లోనూ ఒకే మనిషి కూర్చున్నప్పుడు ఎదుటివాడికి న్యాయం దొరికే దారి ఉండదు. పదిహేనేళ్ల పిల్లలు దీన్ని చాలా సూటిగా పసిగడతారు. కొట్టారన్న కోపం సాయంత్రానికి మరిచిపోతారు. "నా మాట వినలేదు", "వాణ్ని వదిలేసి నన్నే పట్టుకున్నారు" అన్నది మాత్రం ఏళ్ల తరబడి మోస్తారు.

వాణ్ని వదిలేసి నన్నే అన్న ఆ ఫిర్యాదు ఊహ కాదు. ఒకే బెంచీ మీద ఇద్దరు మాట్లాడుకుంటారు. డాక్టరు గారబ్బాయిది చురుకుదనం అవుతుంది, హాస్టల్ నుంచి వచ్చినవాడిది రౌడీతనం అవుతుంది. వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారో, బడి ఊడ్చే పని ఎవరికి పడుతుందో చూస్తే కులం కనబడుతుంది. పాలమూరు నుంచో అనంతపురం నుంచో తల్లిదండ్రులు వలసపోతే నానమ్మ దగ్గర మిగిలిన పిల్లాడు తరచూ బడికి రాడు. వచ్చిన రోజు ముందు రోజుల పాఠం తెలియక పక్కవాణ్ని గిల్లుతాడు. గిల్లడమే రిజిస్టరుకెక్కుతుంది. తాగి వచ్చిన తండ్రి గొడవకు రాత్రంతా నిద్రలేని పిల్ల మొదటి పీరియడ్‌లో తల వాల్చేస్తే అది పొగరు. నెలసరి నొప్పితో లేవలేని పిల్ల లేచి నిలబడకపోతే అది అవిధేయత. ఏ పిల్లలకు ఎన్నిసార్లు, ఏ తప్పుకు, ఏ శిక్ష పడిందో రాసిపెట్టే అలవాటు మన బళ్లలో కనబడదు. కాబట్టి పక్షపాతం ఉందని పిల్లలంటారు, లేదని పెద్దలంటారు, అక్కడితో ఆగిపోతుంది.

రాసిపెట్టే చోట ఏం తేలిందో అమెరికాలో చూడొచ్చు. అక్కడి ప్రభుత్వ లెక్కల పరిశీలనా సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రభుత్వ బళ్లలో నల్లజాతి పిల్లలు పదిహేనున్నర శాతం ఉంటే, బడినుంచి సస్పెండైన వాళ్లలో 39 శాతం దాకా వాళ్లే. మనకూ వాళ్లకూ చరిత్ర వేరు, కులమూ జాతీ ఒకటి కావు. అయినా లెక్క ఉంటే మాట దాచడం కష్టమన్నది రెండు చోట్లా ఒకటే.

అదే దేశంలో పిల్లాడి మాట వినడం అనే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో 1971లో బడి గొడవల్లో చాలామంది విద్యార్థుల్ని పది రోజుల దాకా బయటికి పంపించారు. నేను ఆ విధ్వంసంలో లేనన్నాడు లోపెజ్ అనే కుర్రాడు. వాణ్ని అడిగినవాళ్లు లేరు. 1975లో కోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి తీర్పిచ్చింది. పెద్ద విచారణ అక్కర్లేదు, కానీ బయటికి పంపేముందు ఏ తప్పు మోపారో చెప్పాలి, కాదంటే ఆధారమేమిటో చెప్పాలి, వాడి వైపు మాట వినాలి అంది. ఐదు నిమిషాల పని. అదే కోర్టు రెండేళ్లకు, 1977లో, మయామీ బడిలో పద్నాలుగేళ్ల కుర్రాణ్ని చెక్క బద్దతో ఇరవైకి పైగా దెబ్బలు కొట్టిన కేసులో, మళ్లీ ఐదుకు నలుగురుగానే చీలి, దానికి ముందస్తుగా ఏ విచారణా అక్కర్లేదంది. పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టాలంటే పిల్లాడి మాట వినాలి, కొట్టాలంటే విననక్కర్లేదు! చట్టం కూడా ఈ విషయంలో ఎంత తడబడిందో ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

వింటే ఏమవుతుందన్నదానికీ కొంత రుజువుంది. కాలిఫోర్నియాలో ఐదు మాధ్యమిక బళ్లలో 31 మంది లెక్కల టీచర్లతో చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. తప్పు చేసిన పిల్లల వెనక ఏ కారణం ఉండొచ్చో ఆలోచించి, సంబంధం తెగకుండా మందలించడం ఎలాగో వాళ్లలో కొందరి చేత రాయించారు. రెండు చిన్న విడతల పని. ఆ టీచర్ల దగ్గర చదివిన పిల్లల్లో ఏడాదిలో సస్పెండైన వాళ్లు 4.8 శాతం, మిగతా టీచర్ల దగ్గర 9.6 శాతం. పిల్లలకు ఎవరూ ఏమీ నేర్పలేదు, మారింది టీచరు చూపు. తెలుగులో ‘రైలుబడి’గా చాలామంది చదివిన జపాన్ పుస్తకంలో కొబయాషి మాస్టారు, ఒక బడి వెళ్లగొట్టిన చిన్నపిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటల తరబడి వింటాడు. మనం దాన్ని ముచ్చటైన కథగా చదువుకుని పక్కన పెట్టేశాం.

అలాగని వినడం ఒక్కటే మందని చెబితే అబద్ధమవుతుంది. అమెరికాలోనే పిట్స్‌బర్గ్ నగర బళ్లలో శిక్షలకు బదులు కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతిని రెండేళ్లు పరీక్షించి 2018లో ఫలితాలు చెప్పారు. సస్పెన్షన్లు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైందని టీచర్లన్నారు. కానీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చదువు వెనకబడింది. ఒకడి గొడవ సర్దడానికి పోయిన సమయం మిగతా ముప్పై మంది పాఠంలోంచి పోతుంది. నిశ్శబ్దంగా కూర్చుని చదువుకుందామనుకున్న పిల్లకూ న్యాయం కావాలి. ఆ పిల్ల మాట ఎవరూ ఎత్తరు.

టీచరు మాట కూడా ఎత్తాలి. అరవై మంది ఉన్న గదిలో నలభై నిమిషాల పీరియడ్. ఆ మధ్యలో హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని కూడా వాళ్లమీదే పడింది. ప్రైవేటు బళ్లలో పరిస్థితి ఇంకా ఘోరం. నెల జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, ఫీజు కట్టే తండ్రి ఒక్క ఫోను చేస్తే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అలాంటి చోట అధికారం తలకిందులవుతుంది. కొత్తగా చేరిన ఇరవై రెండేళ్ల మేడంను పదో తరగతి మగపిల్లలు వెకిలి మాటలంటే యాజమాన్యం మేడంనే సర్దుకుపొమ్మంటుంది. 2012 ఫిబ్రవరిలో చెన్నైలో తొమ్మిదో తరగతి కుర్రాడు తన టీచరును తరగతి గదిలోనే పొడిచి చంపాడు. డైరీలో ఇంటికి రాసి పంపిన ఫిర్యాదులు ఆ కోపం వెనక ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ టీచరు చేసింది కొట్టడం కాదు, అందరు టీచర్లూ చేసే పనే. బెత్తం లాక్కున్న ప్రభుత్వాలు దాని స్థానంలో టీచరుకు ఏమీ ఇవ్వలేదు. శిక్షణ లేదు, సాయంగా మరో మనిషి లేడు. పెంట మాస్టారి గుంజీల వెనకున్న కోపం అక్కడిదే, అది న్యాయమైన కోపం.

ఆ మరో మనిషి ఎవరన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో గట్టి జవాబు బీహార్ నుంచి వచ్చింది. నలందా జిల్లాలో 75 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో సేహర్ అనే ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో స్థానికంగా దొరికిన మామూలు మనిషికి, మానసిక వైద్యుడు కానివాడికి, కొంత శిక్షణ ఇచ్చి బడిలో పెట్టారు. రెండో గుంపులో అదే పని ఆ బడి టీచరుకే అప్పజెప్పారు. మూడోది మామూలుగా నడిచింది. పేరు రాయకుండా ఫిర్యాదు వేసే పెట్టె, గోడ పత్రిక, పిల్లల బృందాలు, విడిగా మాట్లాడే వేళ వంటివి కార్యక్రమంలో భాగం. బయటి మనిషి ఉన్న బళ్లలో వాతావరణం బాగా మెరుగైంది, పిల్లల్లో దిగులు, వేధింపులు, కొట్లాటలు తగ్గాయి. టీచరు చేతే చేయించిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

టీచర్లు చెడ్డవాళ్లని దీనికి అర్థం కాదు. పని భారం ఒక కారణమైతే, నా దృష్టిలో అంతకంటే పెద్దది ఇంకొకటుంది. మార్కులేసే చేతికి గుట్టు చెప్పుకోవడం ఎవరికైనా కష్టం. మధ్యాహ్నం లెక్కల్లో తప్పావని నిలబెట్టిన మనిషే సాయంత్రం ‘నీ బాధేమిటో చెప్పమ్మా’ అంటే ఏ పిల్ల చెబుతుంది? చెబితే అది రేపు స్టాఫ్ రూములో టీతోపాటు తిరగదన్న నమ్మకం ఏది?

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023లో ప్రాణాలు పోగొట్టుకున్న పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచీలు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానాలంది. ఇంటర్ కాలేజీల్లో పిల్లల చావుల మీద కమిటీలు వేసుకుంటూ పాతికేళ్లు గడిపిన మన రెండు రాష్ట్రాలకు ఇది అందరికంటే ముందు తగలాల్సిన తీర్పు.

అయితే ఆ కౌన్సిలర్‌కు జీతమిచ్చేది ఎవరు? యాజమాన్యమే ఇచ్చి, ప్రిన్సిపాల్‌కే జవాబు చెప్పే ఉద్యోగమైతే నాలుగు కుర్చీల పక్కన ఐదోది వేసి అందులోనూ అదే మనిషిని కూర్చోబెట్టినట్టు. మండలానికి ఇద్దరు ముగ్గుర్ని పెట్టి, రెండు రోజులకో బడి చొప్పున తిప్పి, వాళ్లు బడికి కాకుండా జిల్లా అధికారికి జవాబు చెప్పేలా చేయడం అసాధ్యమేమీ కాదు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు టీసీ బలవంతంగా ఇవ్వాలంటే బడి బయటి మనిషి సంతకం కూడా ఉండాలన్న ఒక్క నిబంధన చాలా బెదిరింపుల్ని ఆపేస్తుంది. శిక్షల రిజిస్టరు పెట్టి, అందులో తప్పు పక్కన పిల్లల మాటకు ఒక గడి ఉంచమనడానికి డబ్బు కూడా అక్కర్లేదు.

ఆ గడి పెట్టిన బడి ఒకటి చూశాను. ఊరి పేరు చెప్పను. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు పాత క్షమాపణ పత్రాన్ని తీసేసి, అరఠావు కాగితం మీద రెండు ప్రశ్నలు రాసి జిరాక్సు తీయించారు. ఏం జరిగింది? అంతకుముందు ఏం జరిగింది? టీచరు కూడా అదే కాగితం వెనకవైపు తన మాట రాయాలి. రెండూ చదివాకే పిలిపించి మాట్లాడతారు. మొదటి నెలలో పిల్లలు ఒక్కరూ ఆ ప్రశ్నలకు జవాబు రాయలేదని ఆమె చెప్పారు. కొందరు అలవాటు కొద్దీ ‘ఇకమీదట చేయను’ అని రాసిచ్చారు. టీచర్లలో ఇద్దరు మాకిదేం విచారణ అని అలిగారు. అలిగినా రాశారు.

ఆ కట్టలోంచి ఒక కాగితం తీసి, పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి నాకు చూపించారు. తొమ్మిదో తరగతి అమ్మాయిది. మూడు రోజులు చెప్పకుండా బడి మానేసి, అడిగితే టీచరుకు ఎదురు తిరిగింది. మొదటి ప్రశ్న కింద ఖాళీ. రెండో ప్రశ్న కింద జవాబుకు బదులు తనే ఒక ప్రశ్న వేసింది: ఇక్కడ రాస్తే మా ఇంట్లో చూపిస్తారా మేడం?

దాని కింద పచ్చ సిరాతో, నిన్ను అడక్కుండా చూపించను అని రాసి, సంతకం చేసి, తారీకు వేసి, ఆ కాగితం మళ్లీ అమ్మాయికే ఇచ్చి పంపించారామె.